షట్టరు దిగాక

షట్టరు దిగే చప్పుడు ముందు పళ్ళకి తెలుస్తుంది, ఆ తరవాతే చెవులకి. మొన్న మధ్యాహ్నం రాజమండ్రిలో మా కొట్టున్న వీధిలోనే, నాలుగు గుమ్మాల అవతల మార్వాడీల చీరల కొట్లో కూర్చుని వంగపండు రంగు చీర ఒకటి బేరం చేస్తున్నాను. అప్పటికే ఒకసారి అలిగి లేచాను. గుమ్మం దాకా వెళ్ళి, ఒక చెప్పు తొడుక్కుని, రెండోది కనబడనట్టు నటించాను. కౌంటరు వెనకనుంచి మీనల్ నన్ను వెనక్కి పిలిచింది. నాకు రెండో చెప్పు కనబడిందనీ తనకి తెలుసు, తను పిలుస్తుందని నాకు తెలుసనీ తనకి తెలుసు. మా వీధిలో దీన్ని మర్యాద అంటారు. అంతలో భోజనాల వేళయిందని కొట్లో పనిచేసే అతను కొక్కెం కర్ర తగిలించి షట్టరు సగానికి పైగా లాగేశాడు. ఎండ మోకాళ్ళ కిందికి జారిపోయింది. గంజి వాసనా, కలరా ఉండల వాసనా ఒక్కసారిగా చిక్కబడ్డాయి. నా నోట్లో మాట అక్కడే ఆగిపోయింది.

"ఏంటాంటీ, ఆగిపోయారు? ఇంకా తగ్గించమంటారా?" అంది మీనల్.

"ఉండమ్మా, ఒక్క నిమిషం," అన్నాను.

షట్టరు దిగాక కాసేపు నోరు మూసుకుని వినడం నాకు పాత అలవాటు. ఆ అలవాటు వెనక ఒకావిడ ఉన్నారు. మీలో ఎవరూ ఆవిడని చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకుని ఉండరు, ఎందుకంటే ఆవిడ బజారులో ఎవరితోనూ గొడవపడేవారు కాదు. మా వీధివాళ్ళకి గొడవపడనివాళ్ళ మొహాలు గుర్తుండవు.

ఆవిడ పేరు విశాలాక్షి. రామచంద్రపురం నుంచి వచ్చి, రాజమండ్రిలో కాలేజీ పిల్లలకి సంస్కృతం చెప్పి, ఇక్కడే ఉండిపోయారు. పాఠం సంస్కృతమే అయినా, ఆవిడ మనసంతా ఒక చిన్న విషయం మీద ఉండేది. 'అదీ కాదు, ఇదీ కాదు' అని రెండింటినీ కలిపి తోసెయ్యడానికి ఏ భాష ఏ మాట వాడుతుంది, ఆ మాట ఎలా పుట్టింది, వాడగా వాడగా ఎలా అరిగింది అన్నది. సంస్కృతం, హిందీ, పారశీకం, గ్రీకు, లాటిన్, జర్మన్, ఇంగ్లీషు ఇవన్నీ ఒకే ఇంట పుట్టిన భాషలని పండితులు చెబుతారు. ఆ ఇంటిల్లిపాదీ ఈ కాదనే మాటల్ని ఎలా పంచుకున్నారో పుస్తకంగా రాయాలని ఆవిడ పట్టుదల. మా నాన్నకి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఆలోచించి, "వద్దు అనే మాట మీద ఇన్నేళ్ళు చదవడం ఏంటే? మనం పొద్దున్న కొట్టు తెరిచిన దగ్గర్నుంచి వింటున్నది అదేగా!" అన్నారు.

మాది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. నేను నడక నేర్చింది కూడా బిందెల వరసల మధ్యే. డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ లేనప్పుడు కౌంటర్లో కూర్చునేదాన్ని. అలాంటి ఒక ఉదయం విశాలాక్షి గారు కాఫీ ఫిల్టరు కొనడానికి వచ్చారు. మా నాన్న అలవాటు ప్రకారం బేరానికి చోటు ఉంచి ధర చెప్పారు. ఆవిడ పర్సు తెరిచారు.

మా నాన్న మొహం పాలిపోయింది. "అదేంటండీ, బేరమాడరా?"

"మీరు చెప్పిన ధర తప్పా అండి?"

"తప్పని కాదండి. అలాగని ఒప్పనీ కాదండి. మనిద్దరం మధ్యలో ఓ చోట కలుసుకోవాలి కదండి!"

"నాకు కాలేజీకి టైమైపోతోందండి."

చెప్పిన ధరే తీసుకుంటే ఆ రోజంతా అన్నం సయించదని మా నాన్నకి తెలుసు. ఆయనే తగ్గించుకుని, తగ్గించింది చాలదనిపించి ఒక గరిటె కూడా ఉత్తినే ఇచ్చారు. నేను నోరు ఊరుకోక, "మేడమ్, మీరిలా కొంటే మా వీధిలో ఎవరూ నిద్రపోరండి," అన్నాను. ఆవిడ నవ్వారు. కాలేజీకి టైమైపోతోందన్న మనిషి, ఫిల్టరు సంచిలో పెట్టుకుని కూడా కదల్లేదు. పక్కన ఇంకొకాయన పెళ్ళి వంటకి గుండిగ బేరం చేస్తుంటే వింటూ నిలబడ్డారు.

మా నాన్న ఆయనతో, "పొద్దున్నే బోణీ బేరం, మీరు అడిగిన రేటుకి, పెళ్ళి అంటున్నారు గనక, మీ మొహం చూసి ఈ గుండిగ నేను మీకు ఇవ్వ..." అని ఆగారు. ఆయన్ని ఎగాదిగా చూశారు. "...కుండా ఎలా ఉంటానండి!" అని ముగించారు.

బేరం తెగాక ఆవిడ ముందుకొచ్చారు. "ఇవ్వ అన్న దగ్గర ఆగి ఏం చూశారండి?"

"ఆయ్, ఆయన చెయ్యి జేబు వైపు వెళ్తోందా, కాలు గుమ్మం వైపు వెళ్తోందా అనండి. జేబు వైపు వెళ్తే ఇవ్వలేనండి. గుమ్మం వైపు వెళ్తే ఇవ్వకుండా ఎలా ఉంటానండి."

"లాటిన్‌వాళ్ళకి ఈ సౌకర్యం లేదండి. చాలాసార్లు కాదనే మాట ముందే బయటపెట్టేసేవారు."

"అయ్యో, మరి వ్యాపారాలెలా చేసుకున్నారండి పాపం!" అన్నారు మా నాన్న, నిజంగానే జాలిపడి.

ఆ జాలి నా జీవితాన్ని మార్చింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు, ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళు, కాదని ఎలా అనేవారో తెలుసుకోవడం కూడా ఒక చదువే అని నాకు అంతకుముందు తెలియదు. డిగ్రీ అయ్యాక యూనివర్సిటీకి వెళ్ళి భాషాశాస్త్రంలో చేరాను. అక్కడ చదువు ముగించి ఇంటికొచ్చి, పరిశోధన పేరుతో సాయంత్రాలు గోదావరి గట్టు దగ్గర ఆవిడ అద్దెకుండే మేడ మీద వాటాకి వెళ్ళేదాన్ని. ఆవిడ పడకకుర్చీలో కూర్చుని చెప్పేవారు, నేను చాప మీద కూర్చుని రాసేదాన్ని. మధ్యలో ఆ ఫిల్టరు కాఫీ వచ్చేది. కాఫీ పెట్టడం ఆవిడకి రాదు. ఆ సంగతి నేను ఆవిడకి ఎన్నడూ చెప్పలేదు.

"సంస్కృతంలో న అంటే కాదు, చ అంటే కూడా. న చ అని రెండు ముక్కలూ పక్కపక్కన నిలబడ్డాయి," అనేవారు. "లాటిన్‌లో అలాంటి జంటే అతుక్కుపోయి నెక్వె అనే ఒక్క మాటయింది. గ్రీకులోనూ అంతే, ఊతె. లాటిన్ పోయి దాని పిల్లలు వచ్చేసరికి నెక్వె అరిగి అరిగి, ఫ్రెంచిలో ని అనే గింజంత మిగిలింది. అన్నీ ఇలాగే పుట్టాయనుకోకు. ఇంగ్లీషు వాళ్ళ నార్ వేరే దారిలో వచ్చింది. రెండిట్లో ఏదీ కాదు అనే పొడుగు మాట ఒకటుండేది, అది కుంచించుకుపోయి అలా అయింది. జర్మన్‌లో ఇంకా చిత్రం. వేడర్ అని ఉంది చూడు, దాని ముందు ఒకప్పుడు కాదు అనే ముక్క ఉండేది. అది రాలిపోయింది. మిగిలిన ముక్కకి పాత అర్థం రెండిట్లో ఏది అని మాత్రమే. అయినా ఇప్పటికీ అది కాదనే చెబుతోంది."

"మా వీధిలో ఒక కొట్టుందండి," అన్నాను. "గాలివానకి బోర్డు ఎగిరిపోయి ఏళ్ళయింది. మళ్ళీ పెట్టించలేదు. అయినా అందరూ అక్కడికే వెళ్ళి అదే సరుకు కొంటారు."

ఆవిడ కుర్చీలోంచి ముందుకు వంగి, "రాసుకో," అన్నారు.

ఆ మాట ఆవిడకి ఊతపదం. మంచి ఉదాహరణ దొరికితే రాసుకో అనేవారు, తన వాదానికి అడ్డొచ్చేది దొరికినా రాసుకో అనేవారు. రెండింటికీ గొంతులో తేడా ఉండేది కాదు. మన తెలుగు ఆ కుటుంబంలోది కాదు. మనకి అలాంటి ప్రత్యేకమైన మాటే లేదు. పాలూ లేవు, పెరుగూ లేదు అని ప్రతిదాన్నీ ఒక దీర్ఘం తీసి, చివర లేదనేస్తాం. "బయటివాళ్ళం కాబట్టే మనకి వాళ్ళిల్లు బాగా కనబడుతుంది," అనేవారు ఆవిడ.

బజారు పని మాత్రం ఆవిడ చేతిలో పెట్టడానికి నాకు ధైర్యం చాలేది కాదు. వంకాయలవాడు ఎంతంటే అంతే. చూడలేక ఒకసారి నేను వెంట వెళ్ళాను. పుచ్చులు చూపించి, తొడిమలు ఎండాయని చెప్పి, పక్క గంప వైపు రెండడుగులు వేసి, మొత్తానికి బేరం తెచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ లేరు. అరటిపళ్ళ బండి వెనక, నేనెవరో తెలియనట్టు నిలబడి ఉన్నారు.

"ఎందుకమ్మాయ్ ఆయనతో అలా? చెప్పింది నమ్మకపోతే ఎలా? నా పనంతా నమ్మకం మీద నడిచేదే. ఎప్పటి గ్రీకువాడో రాసిపెట్టింది ఒప్పుకునేగా ముందుకెళ్తున్నాను!"

"గ్రీకువాడు మీకు పుచ్చు వంకాయలు అంటగట్టట్లేదండి," అన్నాను.

పుస్తకం దాదాపు పూర్తయిన ఏడాది ఆవిడ కళ్ళకి నీటికాసులు వచ్చాయని తేలింది. ఉన్న చూపు కాపాడుకోవాలే తప్ప పోయింది తిరిగి రాదన్నారు డాక్టరు. అప్పటికి పాత గ్రంథాల సంగతంతా రాసేశారు, ఆఖరి అధ్యాయం మిగిలింది. అది బతికున్న మనుషుల మాటల మీద. ఆ సాయంత్రం ఆవిడ నన్ను చాప మీద కాకుండా ఎదురుగా కుర్చీలో కూర్చోమన్నారు.

"మనుషులు ఊరు మారితే తిండి మారుతుంది, పండగ మారుతుంది, లెక్కపెట్టే అంకెలు కూడా మారతాయి. కానీ కాదూ-కాదూ అని జతచేసే ఈ చిన్న మాటల్ని మాత్రం పక్కింటి భాషకి వదులుకోరు అని నా నమ్మకం. ఈ పుస్తకానికి నడుం అదే. మీ వీధిలో మార్వాడీ కుటుంబాలున్నాయిగా? మూడు తరాలుగా తెలుగు మధ్య బతుకుతున్నారు. వాళ్ళింటి భాష ఆ కుటుంబంలోదే, అందులో నా... నా... అని కాదనే ముక్కని ముందు పెట్టి చెప్పే పద్ధతి ఉంది. అది ఇంకా నిలిచి ఉంటే పుస్తకం అచ్చుకెళ్తుంది. లేకపోతే వెళ్ళదు."

"వెళ్ళకపోతే మళ్ళీ రాద్దురుగానిలెండి."

"మళ్ళీ మొదలుపెట్టే కళ్ళు లేవమ్మా," అన్నారు, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినంత మామూలుగా.

మర్నాడే చిన్న రికార్డరు సంచిలో వేసుకుని భవర్‌లాల్ గారి చీరల కొట్టుకి వెళ్ళాను. ఆయనా మా నాన్నా చిన్నప్పటినుంచి ఒకే వీధి. ఆయన తెలుగు వింటే కోనసీమలో పుట్టారనుకుంటారు. రికార్డరు కౌంటరు మీద పెట్టగానే ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఏంటమ్మా, నా మాటలు పట్టుకెళ్ళి ఇన్‌కమ్‌టాక్స్‌వాళ్ళకి వినిపిస్తావా?"

"వాళ్ళకెందుకండి అంకుల్, మా మేడమ్‌కి. మీరూ మీ అబ్బాయీ మీ భాషలో ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడుకోండి. నేను లేననుకోండి."

"నువ్వుంటే లేవనుకోవడం కష్టమమ్మా," అన్నారాయన. నా బేరాలు ఆయనకి తెలుసు.

వారాల తరబడి విన్నాను. ఆయన కొట్లోనే కాదు, ఆ వరసలో ఉన్న మిగతా మార్వాడీ కొట్లలోనూ. కొనేవాళ్ళు చీరలు కుప్పపోయించి పెదవి విరుస్తుంటే, భవర్‌లాల్ గారు కొడుకుతో తమ భాషలో "ఓ భీ కోనీ, వో భీ కోనీ" అనేవారు. ఇదీ నచ్చలేదు, అదీ నచ్చలేదు అని. అచ్చం మన పద్ధతే. ప్రతిదానికీ ఒక దీర్ఘం తీసినట్టు భీ, చివర మన లేదు లాంటి కోనీ. ఆ నా... నా... కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, ఎక్కడా రాలేదు. తెలుగు గాలి తగిలి రాలిపోయినట్టుంది. ఇంటికెళ్ళి విన్నదే మళ్ళీ వినేదాన్ని, వేరేగా వినబడుతుందేమోనని. మేడమ్ కళ్ళ సంగతి తలచుకుంటే రికార్డరు మీట నొక్కడానికి వేలు రాలేదు.

చెప్పక తప్పని రోజు వచ్చింది. ఆవిడ ఇయర్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని మొదటినుంచి చివరదాకా విన్నారు. వింటున్నంతసేపూ నేను కిటికీలోంచి గోదావరి మీద ఇసుక పడవల్ని చూస్తున్నాను. విన్నాక ఆవిడ, అచ్చుకి పంపడానికి కట్టి ఉంచిన కాగితాల దొంతరని చేత్తో తడిమారు.

"సరే. ఆపేద్దాం," అన్నారు.

"అదేంటండీ! అంతేనా?"

"నేననుకున్నది తప్పని వాళ్ళ నోటే వచ్చింది కదమ్మాయ్. ఇంకేముంది? కాఫీ తాగుతావా?"

ఆ కాఫీ కూడా తాగాను. మెట్లు దిగుతుంటే ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. పుచ్చు వంకాయలకి ఒప్పుకున్నట్టే ఒప్పేసుకున్నారు! మొదటి రేటుకే! ఎవరైనా ఒకసారి లేచి గుమ్మం దాకా వెళ్ళి చూడరా? ఎండలో ఏ వీధిన నడిచానో తెలియదు. తేరుకునేసరికి భవర్‌లాల్ గారి కొట్లో ఉన్నాను. భోజనాల వేళ, ఆయన అప్పుడే కట్టేస్తున్నారు.

"ఏంటమ్మా, మొహం అలా ఉంది? నా గొంతు సరిగ్గా రాలేదా?" అన్నారు. నేను పలకకపోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. కంగారుపడ్డారు. "పైకి రా. ఓ ముద్ద తిని వెళ్దువుగాని. మాజీ నిన్ను చూసి చాన్నాళ్ళయింది."

మాజీ అంటే వాళ్ళమ్మగారు. కొట్టు పైనే ఇల్లు. షట్టరు పూర్తిగా నేలకి తగిలి, కొట్టు చీకటయింది. ఆ చీకట్లో లోపలి మెట్లెక్కుతున్న భవర్‌లాల్ గారి భుజాలు మూటలు దించుకున్నవాడిలా వదులయ్యాయి. ఆయన అడుగుల చప్పుడు విని పైనుంచి మాజీ గొంతు మొదలైంది.

"నా ఖావై, నా సోవై! దుకాన్, దుకాన్, దుకాన్!"

తినడు, పడుకోడు, ఎప్పుడూ కొట్టే అని. నేను మెట్టు మీద ఆగిపోయాను. వెంటనే భవర్‌లాల్ గారు, కింద వారాల తరబడి ఒక్కసారైనా ఆ మాట అననివారు, తల పైకెత్తి అరిచారు. "ఈ ఘర్ మే నా చైన్, నా ఆరామ్!"

ఈ ఇంట్లో శాంతీ లేదు, విశ్రాంతీ లేదట. ఆ మనిషికి శాంతి లేదన్న మాట విని అంతగా సంతోషించినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మెట్ల గోడకి ఆనుకున్నాను. ఊపిరి తీసుకుంటే అంత దూరం వెళ్తుందని అప్పుడే తెలిసింది. రికార్డరు సంచిలోనే ఉంది, ఆపేసి ఉంది. అన్నాళ్ళూ అంతే. బేరం ముగియగానే మీట నొక్కి ఆపేసేదాన్ని. కొట్లో పుట్టినదాన్ని కదా, బేరం అయిపోయాక మనుషులు పనికొచ్చే మాటేదైనా మాట్లాడతారని నాకెప్పుడూ తోచలేదు.

"అంకుల్, ఇదే మాట కింద మీ అబ్బాయితో అనరేంటండి?" అన్నాను.

ఆయనకి ముందు నేనడిగింది అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వేశారు. "కింద కొనేవాళ్ళుంటారు కదమ్మా! ముందే నా అన్నామనుకో, మా భాష రానోడికి కూడా తెలిసిపోద్ది. చీర వదిలేసి లేచెళ్ళిపోతాడు. మీ నాన్ననడుగు, చెప్తాడు."

నేను అన్నం సగంలో వదిలేసి గట్టు వైపు పరిగెత్తాను. మేడమ్ ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆవిడ పడకకుర్చీలోంచి కూడా లేవలేదు.

"నువ్వు విన్నావు సరే. నీకు నా మీద జాలి. జాలితో విన్నది సరిగ్గా వినబడదు. నేనే వినాలి," అన్నారు.

"మేడమ్, అన్యాయమండి! చెడ్డ కబురు చెప్తే ఒక్క మాటకే ఒప్పేసుకున్నారు. మంచి కబురు తెస్తే బేరమా?"

"మంచి కబురుకేనమ్మాయ్ బేరమాడాల్సింది," అన్నారు ఆవిడ. "చెడ్డదానికి మొదటి రేటు ఇచ్చేసినా నష్టం లేదు."

పుట్టిన దగ్గర్నుంచి బేరాల మధ్య పెరిగాను గానీ, ఈ బేరం నాకెవరూ నేర్పలేదు. ఆ మాట అర్థం కావడానికి ఆ రోజు చాలలేదు. ఆ తరవాత చాలాసార్లు అక్కరకొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ నా భుజం పట్టుకుని ఆ మెట్లెక్కారు. ఉత్తి చేతులతో వెళ్ళకూడదని ఆత్రేయపురం పూతరేకుల పొట్లం తెప్పించారు. అమ్మినవాడు ఎంతంటే అంతకే. మాజీ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. మోకాళ్ళ నొప్పులు మాట్లాడుకోవడానికి ఆ సగం చాలింది. రికార్డరు ఈసారి తిరుగుతూనే ఉంది. రోటీ, పప్పు, మన ఆవకాయ, అన్నీ అయ్యాయి. ఆ మాట మాత్రం రాలేదు. మేడమ్ అడిగించనివ్వరు, అడిగి చెప్పించుకున్నది లెక్కలోకి రాదంటారు. నేనొకటికి రెండుసార్లు భవర్‌లాల్ గారిని రెచ్చగొట్టాలని చూశాను. ఆ రోజే ఆయనకి బేరాలు బాగా తెగాయి, ఇంట్లో చైనూ ఆరామూ రెండూ ఉన్నాయి.

చివర్లో పొట్లం విప్పారు. మాజీ ఒక పూతరేకు తీసి వెలుతురుకి ఎత్తి చూశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఒక మూల కొరికారు. చక్కెర పొడి గడ్డం మీద రాలింది.

"నా కాగద్, నా మిఠాయీ!" అన్నారు, ఆశ్చర్యంగా. కాగితమూ కాదు, మిఠాయీ కాదు.

"హమ్మయ్య!" అన్నారు మేడమ్. ఎంత గట్టిగా అన్నారంటే, గొంతుకి ఏదో అడ్డుపడిందనుకుని మాజీ గబగబా మంచినీళ్ళు అందించి వీపు మీద చరిచారు. భవర్‌లాల్ గారు లేచి నిలబడ్డారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మేడమ్ నీళ్ళు తాగుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "ఏం లేదండి, ఏం లేదండి, ఇంకో రేకు తినండి," అంటున్నారు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. భవర్‌లాల్ గారి కొడుకు కూతురు, బడినుంచి అప్పుడే వచ్చిన చిన్నపిల్ల, పుస్తకాల సంచి విసిరేసి మాజీతో పేచీ పెట్టింది. "రోటీ భీ కోనీ, సబ్జీ భీ కోనీ!" అని కాలు నేలకి కొట్టింది. రొట్టే వద్దు, కూరా వద్దు. ఇంట్లో, షట్టరు దిగాక, బేరమేమీ లేని చోట. నేను విననట్టు పూతరేకు మడతలు లెక్కపెడుతున్నాను.

"విన్నావా?" అన్నారు మేడమ్.

"ఏదండి?"

"చిన్నపిల్ల అన్నది. రాసుకో."

వెనక్కి నడిచొస్తుంటే దారిలో అడిగాను. "పుస్తకం వెళ్తుందా అండి?"

"వెళ్తుంది," అన్నారు. రెండడుగులు వేసి, "కాస్త తగ్గించి," అన్నారు.

అలాగే తగ్గించారు. పెద్దవాళ్ళ నోట ఆ మాట ఇంట్లో నిలిచిందనీ, కొట్లోకి దిగితే తప్పుకుంటుందనీ, పిల్లల నోట అసలు లేదనీ, ఈ తరంతో ఆగిపోవచ్చనీ ఉన్నదున్నట్టు రాయించారు. మొదట అనుకున్నదానికన్నా చిన్న మాట. కానీ దాన్ని చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తేలిగ్గా ఉండేది. ఎన్నాళ్ళగానో ఎత్తుకున్న బిందెలో నీళ్ళు సగం ఒంపేశాక నడిచేవాళ్ళలా. అచ్చయి వచ్చేసరికి ఆవిడ అక్షరాలు చదవలేకపోయారు. నేనే చదివి వినిపించాను. ఆఖరి అధ్యాయంలో ఒక చోట నేను ఉత్సాహం కొద్దీ చదువుతూ 'కచ్చితంగా' అనే మాట కలిపాను. "అది నేను రాయలేదు," అన్నారు వెంటనే. ఆ తరవాత చాలా ఏళ్ళు బతికారు, నా చేత వంకాయలు తెప్పించుకుంటూ. ఒక వర్షాకాలం ఉదయం నిద్రలోనే పోయారు. ఆ ఫిల్టరు నా దగ్గరే ఉంది. అందులో నేను పెట్టినా కాఫీ బాగుండదు. తప్పు ఆవిడది కాదేమో, మా నాన్న అమ్మిన సరుకుది.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతాను, సెలవు రోజుల్లో కొట్లో కూర్చుంటాను. ఎవరైనా కాదని తేల్చి చెప్పినా, అవునని పొగిడినా, ఈ మాట షట్టరు దిగకముందుదా, దిగాక అన్నదా అని ఆగుతాను. మనుషుల గురించి తొందరపడి అనుకున్న చాలా మాటలు అలా ఆగడం వల్లే వెనక్కి తీసుకోగలిగాను.

మొన్న కూడా అందుకే ఆగాను. షట్టరు దిగింది. మీనల్ చేతిలో చీర మడత అలాగే ఉంది. తను ఎవరో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. ఆనాడు రొట్టే వద్దు, కూరా వద్దని కాలు కొట్టిన పిల్లే. పెళ్ళయినా అత్తారిల్లు రెండు వీధుల అవతలే కావడంతో, భవర్‌లాల్ గారు పెద్దవారయ్యాక కొట్టు తనే చూస్తోంది. మాజీ పోయి చాలా ఏళ్ళయింది. పైనుంచి తన మూడేళ్ళ కొడుకు ఏడుపు వినబడుతోంది. భవర్‌లాల్ గారు మునిమనవడిని బుజ్జగించలేక కిందికి కేకేశారు. మీనల్ మెట్ల వైపు తల తిప్పింది.

"నా ఖావై, నా సోవై!" అంది, విసుగ్గా.

నా చేతిలోంచి చీర కొంగు జారిపోయింది. మంచి కబురు. బేరమాడాలి. జాలితో విన్నానేమో, ఇష్టంతో విన్నానేమో. ఇంకోసారి అనమని అడగకూడదు. అందుకే ఏమీ ఎరగనట్టు, "ఏమంటున్నాడమ్మా బాబు?" అన్నాను తెలుగులోనే.

తను తాతగారి కోసం మెట్ల వైపే మళ్ళీ అరిచింది. "నా దూద్, నా రోటీ, సుబహ్ సే!" పొద్దున్నుంచి పాలూ లేవు, రొట్టే లేదు. అరిచి నా వైపు తిరిగి, ఏమీ జరగనట్టు, "ఊ, చెప్పండాంటీ, ఎంతకిమ్మంటారు?" అంది.

ఎవరికి చెప్పను? ఈ తరంతో ఆగిపోవచ్చని అచ్చులో ఉన్న మాట తప్పయిపోయిందని తెలిస్తే అందరికన్నా ఎక్కువ సంతోషించే మనిషి లేరు. అయినా నాకు బెంగ కలగలేదు. ఆవిడ ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. సంచిలోంచి కాగితం తీసి రాసుకున్నాను.

తరవాత పర్సు తెరిచి, మీనల్ మొట్టమొదట చెప్పిన ధర మొత్తం కౌంటరు మీద పెట్టాను.

మీనల్ డబ్బు వైపు చూసింది, నా వైపు చూసింది. ఒంట్లో బాగాలేదా అన్నట్టు నా చెయ్యి పట్టుకుంది.

"అదేంటాంటీ," అంది, "బేరమాడరా?"